ఆరింతలు సాధించిన రాళ్ళగూడెం

కమిషనర్ చిదానందరావుగారికి జనం పళ్ళ మీద మక్కువ పుట్టిన వారంలోనే రాళ్ళగూడెం నీళ్ళ ఫిల్టరుకు తాళం పడింది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్ళు జన్మలో ఎప్పుడూ ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి ఉండరు. భిక్షపతి పనిచేశాడు. చింతబావి మండలానికి తాగునీటి శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న ఆ పెద్దమనిషికి జుట్టు నెరిసింది, బీపీ వచ్చింది, మీటింగులో పైవాళ్ళ ముందు 'కాదు' అనే మాట మాత్రం ఇప్పటికీ నోట రాలేదు.

ముందు రాళ్ళగూడెం సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో ఎక్కడ బోరు వేసినా బండ తగులుతుంది, బండ కింద నీళ్ళు తగులుతాయి, ఆ నీళ్ళ నిండా ఫ్లోరైడ్ ఉంటుంది. ఉండాల్సిన దానికి ఆరింతలు ఉంటుంది. పిల్లల పళ్ళు తుప్పు రంగులో వస్తాయి. నలభై దాటినవాళ్ళకు మోకాళ్ళు బిగుసుకుంటాయి, నడుము వంగుతుంది, మెడ తిరగదు. సర్పంచ్ జంగమ్మకు మూడూ అయ్యాయి. ఎదుటిమనిషి మొహం చూడాలంటే ఆవిడ తల పక్కకు వాల్చి, కోడి చూసినట్టు ఒక కంటితో చూడాలి.

జంగమ్మ సర్పంచ్ అయింది ఒకే ఒక్క పని కోసం. ఆవిడ మనవరాలు అఖిలకు నాలుగేళ్ళు. పాపను చూసిన ఆస్పత్రి డాక్టరు, "కొత్త పళ్ళు ఇప్పుడు చిగుళ్ళ లోపల తయారవుతుంటాయమ్మా, ఎముకలు కూడా ఎదిగే వయసిది. ఇప్పుడు తాగే నీళ్ళే వాటిల్లో చేరతాయి. నీళ్ళు మార్చండి, ఆలస్యం చెయ్యకండి," అని చెప్పింది. ఆ రోజు నుంచి జంగమ్మ ఆఫీసుల మెట్లెక్కింది. బిగుసుకున్న మోకాళ్ళతో మెట్లెక్కడం ఎలా ఉంటుందో ఆవిడకే తెలియాలి. చివరికి ఫిల్టరు వచ్చింది. ట్యాంకు పక్కన షెడ్డు లేచింది. లోపల పెద్ద సిలిండర్లు, వాటి నిండా తెల్లటి గుళికలు. నీళ్ళు గుళికల మధ్య నుంచి పోతే ఫ్లోరైడ్ చాలావరకు అక్కడే ఆగిపోతుంది, మంచినీళ్ళు కిందికి వస్తాయి. పరీక్షలు అయిపోయాయి. బోర్డుకు తెర కట్టారు. ఇక తెర లాగి కుళాయి తిప్పడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే కమిషనర్‌గారు దూరదేశంలో ఒక సదస్సుకు వెళ్ళారు. అక్కడ మనోరమ అనే దంతవైద్యురాలు ప్రసంగించింది. నీళ్ళలో ఫ్లోరైడ్ బొత్తిగా తక్కువున్న పట్టణాల్లో చిటికెడు కలిపితే పిల్లల పళ్ళు పుచ్చిపోవడం బాగా తగ్గిందని, ఆ చిటికెడుతో ఎవరికీ హాని లేదని, ఏళ్ళ తరబడి చూసి చెబుతున్న మాట ఇదని వివరించింది. ఇది ప్రసంగంలో మొదటి సగం. రెండో సగమంతా చిటికెడు అంటే ఎంత, దాటితే ఏమవుతుంది అనే విషయం. రెండో సగం జరుగుతున్నప్పుడు కమిషనర్‌గారు బయట కాఫీ తాగుతున్నారు.

ఆయన తిరిగొచ్చేసరికి 'నవ్వుల జలధార' పథకం సిద్ధమైంది. రాష్ట్రంలోని ప్రతి ఊరి నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఉండి తీరాలి. లక్ష్యం: లీటరుకు ఒక మిల్లీగ్రాము. గడువు: ఏడాది.

మొదటి వీడియో మీటింగులో జిల్లా పెద్ద ఇంజనీరు వామనమూర్తి పక్కన కూర్చుని భిక్షపతి తన వంతు కోసం ఎదురుచూశాడు. మిగతా మండలాలవాళ్ళు 'ప్రక్రియ ప్రారంభ దశలో ఉంది', 'క్షేత్రస్థాయి సన్నద్ధత జరుగుతోంది' అంటూ నీళ్ళు నములుతున్నారు.

"చింతబావి," అన్నారు తెర మీది కమిషనర్‌గారు. "మీ మండలంలో ఎన్ని గ్రామాల్లో ఫ్లోరైడ్ ఉంది?"

"అన్ని ఊళ్ళల్ల ఉంది సార్," అన్నాడు భిక్షపతి.

కమిషనర్‌గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"ఎప్పట్నుంచి?"

"మా తాతలనాటి నుంచి సార్."

"లక్ష్యం ఒకటి కదా. అత్యధికంగా ఎక్కడ, ఎంత సాధించారు?"

"రాళ్ళగూడెంల ఆరు సార్. కానీ సార్, అది శాన ఎక్కువ సార్."

"అతివినయం వద్దు," అన్నారు కమిషనర్‌గారు, లేచి నిలబడి చప్పట్లు కొడుతూ. "గౌరవ అధికారులు గమనించాలి. లక్ష్యానికి ఆరు వందల శాతం సాధన. అదీ ఒక్క రూపాయి అదనపు వ్యయం లేకుండా, పథకం ప్రకటించకముందే. దూరదృష్టి అంటే ఇది."

తెర మీది చిన్న చిన్న గళ్ళలో ఉన్న అధికారులందరూ చప్పట్లు కొట్టారు. భిక్షపతి ఇంకేదో అనబోతే బల్ల కింద వామనమూర్తి అతని తొడ గిల్లాడు. పాపం వామనమూర్తిని మాత్రం ఏమని అంటాం. ఆ శాఖలో మరుగుదొడ్లయినా, మొక్కలయినా, ఇంకుడు గుంతలయినా లక్ష్యం దాటినవాడికి శాలువా కప్పారే తప్ప, ఎందుకు దాటావని ఎవరినీ ఎన్నడూ నిలదీయలేదు. దాటకూడని లక్ష్యం ఒకటి లోకంలో ఉంటుందని వాళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు వామనమూర్తి భిక్షపతిని పిలిచాడు.

"ఆ రాళ్ళగూడెంలో ఏదో ఫిల్టరు ప్రారంభోత్సవం అన్నావు. ఏం చేస్తుందది?"

"ఫ్లోరైడ్‌ను తీసేస్తది సార్."

వామనమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "భిక్షపతీ, ప్రభుత్వం ఫ్లోరైడ్ అందించాలని విధాన నిర్ణయం తీసుకుంది. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి. నువ్వు తీసేస్తానంటున్నావు. దీన్ని ఏమంటారో తెలుసా?"

"ఏమంటరు సార్?"

"పథక విధ్వంసం అంటారు. ఆరు ఉన్నది ఒకటికి పడిపోతే, సాధనలో అయిదు మిల్లీగ్రాముల పతనం. కారణం ఎవరు రాయాలి, నేనా నువ్వా?"

ఆ సాయంత్రమే షెడ్డుకు తాళం పడింది. బోర్డు మీది తెర అలాగే ఉండిపోయి, గాలికి ఒక మూల చిరిగి రెపరెపలాడింది. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ బోరు దగ్గరే బిందెలు పెట్టారు.

రెండు రోజులు ఆగి జంగమ్మ ఆఫీసుకొచ్చింది. భిక్షపతి కుర్చీ చూపించాడు. కూర్చుంటే లేవడం కష్టమని నిలబడే ఉంది.

"సారూ, తాళం ఎన్నడు తీస్తరు?"

"పై నుంచి ఆర్డరు రావాలె సర్పంచమ్మా. ఇప్పుడు పాలసీ మారింది."

"మారితే మారింది తియ్యి. మా ఊరి నీళ్ళేమన్న మారినయా?"

"మారలె. మారలేదనే మెచ్చుకుంటున్నరు. మీ ఊరికి అవార్డు వస్తుందంట."

జంగమ్మ తల పక్కకు వాల్చి అతని మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అనుకుంది. కాదని తెలిశాక ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తిడితే బాగుండునని భిక్షపతికి అనిపించింది.

అవార్డు నిజంగానే వచ్చింది. కమిషనర్‌గారు స్వయంగా రాళ్ళగూడెం వచ్చారు. వెనకాల కార్లు, కార్లలో అధికారులు, అధికారుల చేతుల్లో సీలు వేసిన నీళ్ళ సీసాలు. పంచాయతీ ముందు ఊరి పెద్దలందరూ వరసగా నిలబడ్డారు. నడుములు వంగిపోయి, తలలు నేలకు దిగి ఉన్నాయి. కమిషనర్‌గారు కారు దిగి ఆ వరసను చూసి కదిలిపోయారు.

"వామనమూర్తిగారూ, నా సర్వీసులో ఇంత వినయం గల గ్రామాన్ని చూడలేదు. ఒక్కరు కూడా తలెత్తలేదు. సంస్కారం పల్లెల్లోనే బతికుందండీ."

"అవును సార్," అన్నాడు వామనమూర్తి.

తర్వాత పిల్లలను నవ్వమన్నారు. నవ్వారు. గోధుమరంగు చారల పళ్ళు బయటపడ్డాయి. కమిషనర్‌గారు దగ్గరికెళ్ళి చూసి, పుచ్చు పెద్దగా లేదని, చారలు స్థానిక వైవిధ్యానికి ప్రతీక అని, ప్రాంతీయ ప్రత్యేకతలను గౌరవించాలని అన్నారు. వెంటనే ఒక ఉత్తర్వు కూడా ప్రకటించారు. ఇంతటి సుసంపన్న జలాన్ని ఒక్క ఊరే అనుభవించడం సామాజిక న్యాయం కాదు కనక, రాళ్ళగూడెం నీళ్ళను టాంకరులో పట్నంలోని అధికారుల కాలనీకి పంపాలి.

టాంకరు వెళ్ళింది. అయితే కాలనీవాళ్ళ ఫోన్లకు అప్పటికే వేరే సందేశం చేరింది. ఫ్లోరైడ్ విషమని, ఒక్క చుక్క లోపలికి పోయినా మెదడు మొద్దుబారుతుందని. చూసినవాళ్ళు చూసినట్టే పదిమందికి పంపారు. ఇళ్ళల్లో టూత్‌పేస్టులు చెత్తబుట్టల్లో పడ్డాయి. పట్నం నీళ్ళలో అసలే ఫ్లోరైడ్ లేక పిల్లల పళ్ళు పుచ్చుతుంటే, ఇప్పుడు పేస్టు కూడా పోయింది. టాంకరు నీళ్ళను పచ్చగడ్డికి పోశారు. ఆ విధంగా రాళ్ళగూడెంలో అది అమృతం, కాలనీలో అది విషం. ఎంత ఉంది అని అడిగిన మనిషి మాత్రం రెండుచోట్లా లేడు.

టాంకరు నింపేటప్పుడు దగ్గరుండి చూడాల్సిన బాధ్యత భిక్షపతిది. ఆ పని మీద రాళ్ళగూడెం వెళితే జంగమ్మ గడపలో కూర్చోబెట్టింది. ఎండన పడి వచ్చాడని స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"తాగుండ్రి సారు."

భిక్షపతి గ్లాసు పట్టుకున్నాడు. చూడటానికి తేటగా, చల్లగా ఉన్నాయి. అతని సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళ సీసా ఉంది. చింతబావి మండలంలో చేరిన నాటి నుంచీ అతను ఏ ఊరి నీళ్ళూ ముట్టలేదు. ఆ సంగతి జంగమ్మకు తెలుసు. ఆవిడకు తెలుసని అతనికీ తెలుసు. గుమ్మం పక్కన అఖిల ఇంకో చిన్న గ్లాసుతో అవే నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని, అతను ఎందుకు తాగడంలేదా అని చూస్తోంది.

"పోరి తాగుతుంది గద సారు," అంది జంగమ్మ. గొంతులో కోపమేమీ లేదు. "మీరొక్క గ్లాసు తాగితే ఏమైతది. మేం పుట్టినకాడ్నుంచి తాగుతనే ఉన్నం."

భిక్షపతికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఒళ్ళంతా చెమట పట్టే సిగ్గు. కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు. ఒక్క గ్లాసుతో ఏమీ కాదని ఇంజనీరుగా అతనికి తెలుసు. గ్లాసు దించి, పాప చేతిలోని చిన్న గ్లాసు వంక చూశాడు.

"సర్పంచమ్మా, నాలుగు రోజులు ఓపిక పట్టు," అన్నాడు. "నేను కాదనలేను. నాకు చేతగాదు. కానీ అవుననుకుంటనే ఏదన్న చేస్త."

ఆ నాలుగు రోజులూ అతను ఆలోచించింది నీళ్ళ గురించి కాదు, బోర్డుల గురించి. తన శాఖలో కట్టిందాన్ని ఎవరూ కూల్చరు, బోర్డు మారుస్తారు. ప్రభుత్వం మారినా, పథకం మారినా వచ్చేది పెయింటరు సాయిలే. ఒకే పంపుషెడ్డుకు ఆ సాయిలు నాలుగు పేర్లు రాసిన రోజులున్నాయి. లోపల మోటారు మాత్రం ఎప్పుడూ అదే. సర్వీసంతా దీన్ని చూసి నవ్వుకున్నవాడే భిక్షపతి. ఇప్పుడు మొట్టమొదటిసారి అది పనికొచ్చేలా కనిపించింది.

నేరుగా వామనమూర్తి గదిలోకి వెళ్ళాడు. తన యాసను బయటే వదిలేసి, ఆ గదిలో చెల్లే భాష ఎత్తుకున్నాడు.

"సార్, రాళ్ళగూడెంలో లక్ష్యానికి మించి ఉన్న ఫ్లోరైడ్ వినియోగం కాకుండా గ్రామస్తుల కడుపుల్లోకి వృథాగా పోతోంది సార్. ఈ జాతీయ సంపదను సేకరించి, కొరత గల ప్రాంతాల కోసం నిల్వ చేసేందుకు ఒక ప్రతిపాదన."

వామనమూర్తి ముందుకు వంగాడు. "సేకరణకు యంత్రం కావాలి కదా?"

"ఇప్పటికే ఉంది సార్. ఫిల్టరు అని పొరపాటున పేరు పెట్టాం. నిజానికి అది ఫ్లోరైడ్ సేకరణ కేంద్రం. నీటిని లోపలికి పంపితే గుళికలు ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి. గుళికలు నిండాక డ్రముల్లోకి ఎత్తుకోవడమే."

"మరి మన ఆరు వందల శాతం?"

"బోరులో ఆరు ఆరుగానే ఉంటుంది సార్. సాధన చెక్కు చెదరదు. సేకరణ దానికి అదనం."

వామనమూర్తి మొహం వికసించింది. అంతలోనే ముడుచుకుంది. "ఫ్లోరైడ్ తీసేసిన నీళ్ళు మిగులుతాయిగా. అవేమిటి?"

"వ్యర్థం సార్."

"అదే ఇబ్బంది. వ్యర్థజలాన్ని ఎక్కడ వదులుతాం? కాలుష్యంవాళ్ళు ఊరుకుంటారా?"

"ఆ విషయంలో గ్రామ సర్పంచ్‌తో సంప్రదించాను సార్. వ్యర్థాన్ని గ్రామస్తులే తాగేస్తామని అంగీకారం తెలిపారు."

వామనమూర్తి కళ్ళజోడు తీశాడు. నిజంగా కళ్ళు చెమర్చాయి. "తమ సంపదను రాష్ట్రానికిచ్చి, వ్యర్థం తాము తాగుతారా. ఎంత త్యాగం భిక్షపతీ. ప్రతి ఇంటికీ ఒక కుళాయి వేయించు. వ్యర్థం ఎక్కడా నిలిచిపోకూడదు."

సాయిలు వచ్చి పాత బోర్డు మీద కొత్త పేరు రాశాడు. ప్రారంభోత్సవానికి కమిషనర్‌గారు మళ్ళీ వచ్చారు. ఈసారి తన పథకానికి స్ఫూర్తి అయిన డాక్టర్ మనోరమను ముఖ్య అతిథిగా వెంటబెట్టుకొచ్చారు. వేదిక పక్కన నీలం డ్రములు, పూలదండలు వేసుకుని. డ్రముల మీద 'వ్యూహాత్మక నిల్వ, తెరవరాదు' అని రాసి ఉంది. వాటిని తెరవాల్సిన అవసరం ఎవరికీ రాదని భిక్షపతికి నమ్మకం. వ్యూహాత్మకమైన వాటిని మళ్ళీ తెరిచి చూసిన ఆనవాయితీ శాఖలో లేదు. ఫ్లోరైడ్ పట్టిన గుళికలు పొలాల్లోకీ వాగుల్లోకీ పోకుండా గోడౌనులో భద్రంగా ఉండటానికి ఇంతకంటే గట్టి తాళం దొరకదు.

మనోరమ దిగీదిగగానే ఊరివాళ్ళ మోకాళ్ళు చూసింది, పిల్లల పళ్ళు చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది. "బోరు నీళ్ళలో ఎంత ఉంది?" అని అడిగింది. ఇన్నాళ్ళకు ఆ ప్రశ్న ఒకరి నోట వచ్చినందుకు భిక్షపతికి ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

"ఆరు మేడమ్."

"ఈ వ్యర్థం అంటున్నదాంట్లో?"

భిక్షపతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒకటికి కొంచెం తక్కువ మేడమ్."

ఆవిడ సంచిలోంచి చిన్న పరీక్ష సీసా తీసి, కుళాయి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత భిక్షపతి మొహం చూసి, బోర్డు చూసి, డ్రముల మెడలో దండలు చూసి, సంగతంతా అర్థమై పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

మైకు ముందు సూటిగానే మాట్లాడింది. "కూరలో ఉప్పు లాంటిది ఇది. బొత్తిగా లేకపోయినా తప్పే, దోసెడు పోసినా తప్పే. నేను ఆ రోజు సదస్సులో చెప్పిన నీళ్ళు ఈ రాష్ట్రంలో ఎక్కడైనా ఉన్నాయంటే, అవి ఈ కుళాయిలో ఉన్నాయి. ఇక ఎంత కొలత అన్న విషయానికొస్తే..."

విషయానికొచ్చేసరికి కమిషనర్‌గారికి ఫోను వచ్చింది. ఆయన వేదిక దిగి కారు దాకా నడుస్తూ మాట్లాడి, కొలతల భాగం అయిపోయాక తిరిగొచ్చి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

చివరికి త్యాగశీలి పురస్కారం. జంగమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని వేదికెక్కింది. ఎప్పటిలాగే నడుము వంగి, తల నేలకు దిగి ఉంది. కమిషనర్‌గారు మురిసిపోతూ శాలువా కప్పారు. ఆ తర్వాత ఆయన చూపు పాప మీద పడింది. అఖిల నిటారుగా నిలబడి, తలెత్తి, ఆయన మొహంలోకి తిన్నగా చూస్తోంది. దణ్ణం పెట్టలేదు, వంగలేదు.

కమిషనర్‌గారి నవ్వు కాస్త తగ్గింది. "ఏమ్మా సర్పంచ్‌గారూ, మీ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ ఇంత వినయంగా వంగి ఉంటారే. ఈ పాపకు నేర్పలేదా?"

జంగమ్మ తల పక్కకు వాల్చి, ఒక కంటితో ఆయన్ను పైకి చూసింది.

"మేం మీకు మొక్కి వంగలేదు సారు. నీళ్ళు తాగి వంగినం," అంది. "గీ పిల్ల వంగొద్దనే మేం ఇన్ని తిప్పలు పడ్డది."

కమిషనర్‌గారు అర్థం కానట్టు వామనమూర్తి వైపు చూశారు. వామనమూర్తి భిక్షపతి వైపు చూశాడు. భిక్షపతి, ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి, అవునని గానీ కాదని గానీ అనకుండా ఊరుకున్నాడు. ఎదిగే పిల్లల్లో వినయం సన్నగిల్లుతోందని, శిక్షణ తరగతుల కోసం ప్రతిపాదనలు పంపాలని కమిషనర్‌గారు అక్కడికక్కడే ఆదేశించి కారెక్కారు.

కార్లు లేపిన దుమ్ము సద్దుమణిగాక జంగమ్మ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, వేదిక పక్క కుళాయి తిప్పి, స్టీలు గ్లాసు నింపి మనవరాలికిచ్చింది. అఖిల ఆ వ్యర్థాన్ని నిలబడి గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగింది.